మెదడు కాలువ మీద లస్కర్లు

సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. రాజోలు దగ్గర పల్లెటూరు. సాయంత్రం ఆరవుతుంటే అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"ఎక్కడికి అమ్మమ్మా?" అన్నాను.

"నర్సాపురం. పంటు వెళ్ళిపోద్ది. మీ మావయ్యని తొందరగా రమ్మను."

నర్సాపురం అమ్మమ్మ పుట్టిల్లు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే అవతలి గట్టే. కానీ అక్కడ ఇప్పుడు మనవాళ్ళెవరూ లేరు. ఆ ఇల్లు అమ్మేసి పాతికేళ్ళయింది. మావయ్య కువైట్‌లో ఉన్నాడు.

అత్తయ్య లోపలి నుంచి వచ్చి, "రోజూ ఇంతే. ఆరయ్యిందంటే అత్తయ్యగారు ప్రయాణం కట్టేస్తారు" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ రాత్రి వంటింట్లో ఒక్కతే కూర్చుని కళ్ళు తుడుచుకోవడం చూశాను.

అదే వంటింట్లో, అలమరలో, నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు కనిపించాయి. 'మెదడు ఇమ్యూనిటీ పెంచే పొడి'. మూడు ఖాళీ, ఒకటి సగం. డబ్బా ఏడు వేలు. వాటిని చూడగానే నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఎందుకంటే అందులో నా పాత్ర కూడా ఉంది.

అంతకు ఎనిమిది నెలల ముందు మావయ్య నాకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. మెదడులో తెల్ల బట్టల సైనికులు నల్ల రాక్షసులతో యుద్ధం చేస్తుంటారు. పొడి తాగగానే సైనికులకి కండలొస్తాయి. "నువ్వు సైన్సు రాస్తావు కదా, ఇది నిజమేనా చెప్పు" అన్నాడు. నేను ఆఫీసులో ఏదో హడావిడిలో ఉండి, వీడియో సగం కూడా చూడకుండా "హాని ఉండదులే మావయ్యా, వాడి చూడండి" అని కొట్టేశాను. ఆ ఒక్క మెసేజ్ వల్ల ఇంట్లో అందరూ పొడి మీద నమ్మకంతో ఎనిమిది నెలలు డాక్టరు గడప తొక్కలేదు.

ఈ వారం కాలమ్ ఆ బాకీ తీర్చడానికి. ఆలస్యంగానైనా ఈసారి చదివి చెప్తున్నాను.

సైనికులు కాదు, లస్కర్లు

వీడియోలో ఒక్క ముక్క నిజం. మెదడుకి సొంత రోగనిరోధక కణాలు ఉన్నాయి. వాటి పేరు మైక్రోగ్లియా. మెదడులో ఉన్న కణాల్లో నూటికి అయిదు నుంచి పది వరకు ఇవే.

కానీ వాటిని సైనికులనడం నాకు నచ్చదు. మా తాతయ్య కాలువ లస్కరు. ఇరిగేషన్ వాళ్ళు కాలువ మీద పెట్టే మనిషి. తన వంతు గట్టు వెంబడి పొద్దున్నా సాయంత్రం తిరిగేవాడు. తూముల దగ్గర చెత్త లాగడం, గుర్రపుడెక్క పట్టేస్తే కబురు పంపడం, గట్టు ఎక్కడ మెత్తబడిందో కర్రతో పొడిచి చూడటం ఆయన పని. యుద్ధం ఏమీ ఉండేది కాదు. ఆయన నాలుగు రోజులు మంచాన పడితే మాత్రం చివరి చేలకి నీరు అందేది కాదు.

మైక్రోగ్లియా పని అచ్చంగా ఇదే. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్టేగా వెండి రసాయనంతో రంగు వేసి వీటిని విడిగా గుర్తించి, ఆ పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళ పాటు, ఏదైనా దెబ్బ తగిలితే తప్ప ఇవి ఊరికే కూర్చుంటాయనే అనుకున్నారు. 2005లో రెండు పరిశోధక బృందాలు బతికున్న ఎలుకల పుర్రె ఎముకని పల్చగా అరగదీసి, ప్రత్యేకమైన మైక్రోస్కోపుతో లోపలికి చూశాయి. కణం ఉన్నచోటే ఉంది. దాని సన్నటి చేతులు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగట్లేదు. సాగుతున్నాయి, తడుముతున్నాయి, వెనక్కి వస్తున్నాయి. చిన్న రక్తనాళానికి లేజర్‌తో గాటు పెడితే, నిమిషాల్లో చుట్టుపక్కల చేతులన్నీ అటే సాగాయి.

ఇంకో విశేషం. మన రక్తంలో తిరిగే తెల్ల కణాలు ఎముక మజ్జలో పుడతాయి. మైక్రోగ్లియా పుట్టుక వేరు. పిండం ఇంకా మొదటి దశల్లో ఉండగానే, దాన్ని అంటిపెట్టుకుని ఉండే సొన సంచి నుంచి బయల్దేరి మెదడులోకి చేరి స్థిరపడతాయి. ఎలుకల్లో ఈ సంగతి 2010లో తేలింది. అంటే ఇవి బయట నుంచి డ్యూటీకి వచ్చినవి కావు, పుట్టకముందు నుంచీ అక్కడే కాపురం ఉన్నవి.

ఎక్కడ తేడా వస్తుంది?

1906లో జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జీమర్, మతిమరుపుతో చనిపోయిన ఒక మహిళ మెదడుని పరీక్షించి రెండు మార్పులు చూపించాడు. న్యూరాన్ల మధ్య గడ్డల్లాంటివి పేరుకున్నాయి. న్యూరాన్ల లోపల దారాలు చిక్కుపడ్డాయి. ఆ గడ్డల్లో ఉండేది అమిలాయిడ్ అనే ప్రొటీన్ అనీ, చిక్కుల్లో ఉండేది టావ్ అనే ప్రొటీన్ అనీ తర్వాత తెలిసింది.

చాలాకాలం పరిశోధన అంతా ఈ చెత్త చుట్టూనే తిరిగింది. చెత్త తీసే లస్కరు ఏం చేస్తున్నాడన్న ప్రశ్న వెనకబడిపోయింది. 2013లో అది ముందుకొచ్చింది. ఐస్‌లాండ్ జనం మీద చేసిన జన్యు పరిశోధన ఒకటీ, వేరే దేశాల వాళ్ళ మీద చేసిందొకటీ ఒకే సమయంలో బయటికొచ్చాయి. ట్రెమ్‌2 అనే జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్ళకి అల్జీమర్స్ ముప్పు కొన్ని రెట్లు ఎక్కువని రెండూ చెప్పాయి. మెదడులో ఈ జన్యువు ముఖ్యంగా పనిచేసేది మైక్రోగ్లియాలోనే. చెత్త దగ్గరికి చేరి, చుట్టూ నిలబడి, దాన్ని కట్టడి చేయడానికి ఆ కణానికి ట్రెమ్‌2 కావాలి. అది సరిగ్గా లేకపోతే లస్కరు తూము దగ్గరికి వెళ్ళడు. చెత్త పేరుకుంటుంది.

ఇక్కడి దాకా కథ సులువు. లస్కరు పని చేస్తే మంచిది, చెయ్యకపోతే చెడ్డది. పొడి అమ్మేవాళ్ళ కథ కూడా ఇక్కడే ఆగిపోతుంది. అసలు చిక్కు దీని తర్వాతే.

రెండు న్యూరాన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోటుని సైనాప్స్ అంటారు. చిన్నపిల్లల మెదడులో ఇవి అవసరానికి మించి ఉంటాయి. వాడనివాటిని తీసేయాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేయాల్సిన గోడల మీద ఎర్ర పెయింటుతో మార్కు వేస్తారు కదా, అలాగే కొన్ని సైనాప్సుల మీద 'కాంప్లిమెంట్' అనే ప్రొటీన్ల గుర్తు పడుతుంది. మైక్రోగ్లియా ఆ గుర్తు చూసి వాటిని మింగేస్తుంది. 2012లో అమెరికాలో బెత్ స్టీవెన్స్ బృందం ఎలుక పిల్లల్లో దీన్ని చూపించింది. అది పెరిగే మెదడుకి కావాల్సిన పనే.

2016లో అదే బృందం ఇంకోటి చూపించింది. అల్జీమర్స్ లాంటి జబ్బు వచ్చేలా చేసిన ఎలుకల్లో, గడ్డలు కట్టకముందే, అదే ఎర్ర పెయింటు మళ్ళీ పడుతోంది. మైక్రోగ్లియా మళ్ళీ సైనాప్సులు మింగుతోంది. ఈసారి పోతున్నవి పనిచేస్తున్న సైనాప్సులు. అంటే చెత్తతో పాటు గట్టు మట్టి కూడా తవ్వేస్తున్న లస్కరన్నమాట.

పార్కిన్సన్స్‌లోనూ ఈ కణాలు బోనులో నిలబడ్డాయి. 1988లో కెనడాలో ప్యాట్రిక్ మెక్‌గీర్ బృందం, ఆ జబ్బుతో చనిపోయినవాళ్ళ మెదడులో, కదలికలని నడిపించే న్యూరాన్లు చనిపోయిన చోటే ఇవి రెచ్చిపోయి గుమిగూడి ఉన్నట్టు చూపించింది. గొడవ మొదలెట్టింది వీళ్ళా, గొడవ విని వచ్చినవాళ్ళా అన్న వాదన అప్పటి నుంచీ నడుస్తోంది.

పెంచాలా, తగ్గించాలా?

మీకు ఇప్పుడు వచ్చే ప్రశ్నే శాస్త్రవేత్తలకీ వచ్చింది. రెచ్చిపోతే చల్లార్చేద్దాం. నిద్రపోతే లేపుదాం. రెండూ చేసి చూశారు.

చల్లార్చే ప్రయత్నం. కీళ్ళ నొప్పులకి వాపు తగ్గించే మాత్రలు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో అల్జీమర్స్ తక్కువగా కనిపించింది. దాంతో 2001లో అమెరికాలో 70 ఏళ్ళు దాటిన, కుటుంబంలో ఈ జబ్బు ఉన్న సుమారు 2,500 మందితో పెద్ద పరీక్ష మొదలెట్టారు. గుండెకి ఇబ్బంది రావచ్చన్న భయంతో 2004 చివర్లో మాత్రలు ఆపేశారు. తర్వాత కొన్నేళ్ళు గమనించినా, జబ్బు రాకుండా ఆ మాత్రలు కాపాడిన దాఖలా లేదు.

లేపే ప్రయత్నం. ట్రెమ్‌2ని తట్టిలేపే ఏఎల్002 అనే మందుని తొలి దశ అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి ఇచ్చి చూశారు. 2024 నవంబరులో ఫలితం వచ్చింది. జబ్బు నెమ్మదించలేదు.

కొంత పనిచేసింది మూడో దారి. లెకానెమాబ్ అనే మందు అమిలాయిడ్ మీదకి వెళ్ళి అతుక్కుంటుంది. ఆ గుర్తు చూసి దాన్ని లాగేసే పని ఎక్కువగా మైక్రోగ్లియాది. అంటే లస్కరుకి జీతం పెంచలేదు, తగ్గించలేదు, ఏ చెత్త తీయాలో చూపించారు. 1,795 మందితో 18 నెలలు చేసిన పరీక్షలో జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది. 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. కానీ ఆగలేదు, నెమ్మదించింది అంతే. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. మందు తీసుకున్నవాళ్ళలో నూటికి దాదాపు 13 మందికి మెదడులో వాపు స్కాన్‌లో కనిపించింది. అందులో చాలామందికి బయటికి ఏమీ తెలియలేదు గానీ, మాటిమాటికీ ఎంఆర్‌ఐ తీసి చూస్తూ ఉండాలి. పైగా ఇది తొలి దశలో ఉన్నవాళ్ళకే.

ఇప్పుడు 'మెదడు ఇమ్యూనిటీ పెంచే' అన్న మాటని మళ్ళీ ఒకసారి చదవండి. ఏ ఇమ్యూనిటీ? చెత్త తీసేదా, సైనాప్సులు మింగేదా? ఏ దశలో? వందల కోట్లు ఖర్చుపెట్టి, వేలమంది మీద పరీక్షించి కూడా తేలనిదాన్ని ఏడు వేల డబ్బా తేల్చేస్తుందా? ఆ రోజు వీడియో పూర్తిగా చూసి ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బావుండేది.

మే నెలలో ఒక రాత్రి

సంక్రాంతి తర్వాత అమ్మమ్మని డాక్టరుకి చూపించాం. ముందు అమలాపురంలో, తర్వాత న్యూరాలజిస్టు దగ్గర. రక్త పరీక్షల్లో బీ12 బాగా తక్కువని తేలింది. చెవులు సగమే వినిపిస్తున్నాయి. మేమేమో చెప్పింది మర్చిపోతోంది అనుకున్నాం. చాలాసార్లు ఆవిడకి అసలు వినపడనేలేదు. ఇవి కాక తొలి దశ డిమెన్షియా ఉంది, బహుశా అల్జీమర్స్ అన్నారు. బీ12 ఇంజెక్షన్లు, చెవికి మిషన్, ఒక మాత్ర. నెలన్నరకి మనిషిలో కాస్త తేట వచ్చింది. జబ్బు పోలేదు. అయినా ఆ ఎనిమిది నెలలు ఆ తేట కూడా లేకుండా చేశామని నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మేలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, అర్ధరాత్రి అత్తయ్య ఫోన్ చేసింది. "అత్తయ్యగారు నన్ను గుర్తుపట్టట్లేదు. గోడ మీద ఎవరో ఉన్నారంటున్నారు. మధ్యాహ్నం దాకా బానే ఉన్నారు."

చుట్టాలందరూ జబ్బు ముదిరిపోయిందన్నారు. డాక్టరు మాత్రం మొదట అడిగింది ఒంటేలు గురించి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్ వేసి, నీళ్ళు ఎక్కించారు. అయిదు రోజులకి అమ్మమ్మ మళ్ళీ అరుగెక్కి, పంటు గురించి అడిగింది. పంటు మాట విని ఇంట్లో అందరం సంతోషపడ్డది అదే మొదటిసారి.

దీన్ని డెలీరియం అంటారు. పెద్దవాళ్ళలో, అందులోనూ డిమెన్షియా ఉన్నవాళ్ళలో తరచుగా వస్తుంది. ఇన్‌ఫెక్షన్ కింద ఎక్కడో ఉంటే పైన మెదడు ఎందుకు తల్లకిందులవుతుంది? పరిశోధకులు చూపించే కారణాల్లో మైక్రోగ్లియా ఒకటి. వయసు, జబ్బు కలిసి ఈ కణాలని ముందే చిరాకు మీద ఉంచుతాయి. శరీరంలో ఎక్కడ వాపు వచ్చినా ఆ సంకేతాలు రక్తం ద్వారా మెదడుకి చేరతాయి. కుర్రాళ్ళ మెదడులో అయితే ఒళ్ళు నొప్పులు, నీరసంతో సరిపోతుంది. ముందే చిరాకు మీద ఉన్న కణాలు మాత్రం మోతాదు మించి స్పందిస్తాయి. ఇది ప్రధానంగా జంతువుల్లో చూసిన సంగతి. డాక్టర్లు మంచాల పక్కన చూసే అనుభవానికి మాత్రం సరిపోతుంది.

అందుకే ఇది గుర్తుపెట్టుకోండి. డిమెన్షియా నెలలు, ఏళ్ళ మీద పెరుగుతుంది. గంటల్లో, రోజుల్లో మనిషి మారిపోతే అది వేరే. ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, సోడియం పడిపోవడమో, కొత్త మాత్ర పడకపోవడమో అయ్యుండొచ్చు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చాలాసార్లు తిరిగొస్తారు.

మన దగ్గర ఏం జరుగుతోంది?

2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆడవాళ్ళలో ఎక్కువ. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. కోనసీమ పల్లెల్లో ఈ లెక్కకి ఇంకోటి కలపాలి. పిల్లలు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. పెద్దవాళ్ళు, వాళ్ళని చూసుకునే కోడళ్ళు ఊళ్ళో ఉంటారు.

జన్యువుల లెక్కలు ఎక్కువగా యూరప్, అమెరికా జనం మీద వచ్చినవే. మన రక్తానికి అవి ఎంత వర్తిస్తాయో తెలియాలంటే మనవాళ్ళనే చూడాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ఆ పని కోలారు జిల్లా శ్రీనివాసపురలో చేస్తోంది. మనకి కొబ్బరి ఎలాగో ఆ ఊరికి మామిడి అలాగ. కన్నడంతో పాటు ఇళ్ళల్లో తెలుగు వినిపించే ప్రాంతం. అక్కడి పల్లెల్లో 45 ఏళ్ళు దాటినవాళ్ళని పదివేల మంది దాకా చేర్చుకుని, రక్తం, జన్యువులు, జ్ఞాపకశక్తి, మెదడు స్కాన్లు ఏళ్ళ తరబడి చూడాలన్నది లక్ష్యం.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన పరిశోధన ప్రపంచమంతా మాట్లాడుకుంది. 648 మంది డిమెన్షియా రోగుల్లో, రెండు భాషలు వచ్చినవాళ్ళకి జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. మెదడులో చెత్త తగ్గిందని కాదు దీని అర్థం. గోదారి ఒక పాయ పూడినా ఇంకో పాయలో నీరు పోయినట్టు, వాడిన మెదడుకి దారులు ఎక్కువ ఉంటాయేమో అన్నది ఒక వివరణ.

పొడి కంటే గట్టి ఆధారం ఉన్నవి ఇలాంటివే. 2024లో లాన్సెట్ కమిషన్ 14 ముప్పులని లెక్కేసింది. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మందు, కదలకపోవడం, ఒంటరితనం, తలకి దెబ్బలు, డిప్రెషన్ అందులో ఉన్నాయి. అన్నింటినీ అదుపులో పెట్టగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులు రాకుండానో, ఆలస్యంగానో చేయొచ్చని అంచనా.

ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిందే చెప్తుంటే, దారి తప్పుతుంటే, డబ్బు లెక్క తికమక పడుతుంటే 'వయసైపోయింది' అని వదిలేయకండి. బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం, చెవులు, కళ్ళు ముందు చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567 ఉంది. చూసుకునేవాళ్ళకి మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416. మా అత్తయ్య మొదటిసారి అక్కడికి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. మావయ్య ఇప్పుడు పొడికి పంపిన డబ్బుతో పగటిపూట సాయానికి ఒకామెని పెట్టాడు.

నేను రోజూ ఆరింటికి ఫోన్ చేస్తున్నాను. అత్తయ్య స్పీకర్ పెడుతుంది. మొదట్లో "నర్సాపురంలో ఎవరూ లేరు కదమ్మమ్మా" అని సరిచేసేవాణ్ణి. ప్రతిసారీ ఆవిడకి అది కొత్త వార్తే, ప్రతిసారీ ఏడుపే. డాక్టరు మానేయమన్నారు. ఇప్పుడు "నర్సాపురంలో ఏం చేసేదానివి?" అని అడుగుతాను. లేసు అల్లిక గురించి చెప్తుంది. తాతయ్య పెళ్ళిచూపులకి వచ్చి కాలువ సంగతులే మాట్లాడాడని చెప్తుంది. చెప్తూ చెప్తూ పంటు సంగతి మర్చిపోతుంది.

నిన్న మాత్రం మధ్యలో ఆగి, "ఇంతకీ మీ తాత గట్టు మీంచి వచ్చారా?" అంది.

"వస్తున్నారమ్మమ్మా, తూము దగ్గర చెత్త తీస్తున్నారు" అన్నాను.

"ఆయ్, అయితే లేటవుద్ది" అని, చేతిసంచి అత్తయ్యకిచ్చి లోపలికి వెళ్ళిందట.